ఒకే రొట్టె, రెండు గ్లాసులు

ప్రతి ఆదివారం ఆరాధనలో మేమందరం లేచి నిలబడి విశ్వాస ప్రమాణం చెబుతాం. ఒంగోలు దగ్గరి బాప్టిస్టు కుటుంబంలో పుట్టిన నాకు చిన్నప్పుడు ఈ అలవాటు లేదు. ఉద్యోగానికి చెన్నై వచ్చి, ఇక్కడి ఒక సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) తెలుగు సంఘంలో చేరిన తరువాతే నేర్చుకున్నాను. "భూమ్యాకాశములను సృజించిన" అంటూ గట్టిగా మొదలైన గొంతులు చివరికి వచ్చేసరికి తగ్గుతాయి, పుస్తకాలు మూసే చప్పుడు మొదలవుతుంది, ఆ చప్పుడులోనే "శరీర పునరుత్థానమును, నిత్యజీవమును నమ్ముచున్నాను" అన్న మాటలు వెళ్లిపోతాయి. చాలా ఏళ్లు నేను కూడా ఆ మాటలను అలాగే పలికాను. చనిపోయాక ఆత్మ పరలోకానికి చేరుతుందని నమ్మితే చాలుననీ, శరీరం సంగతి దేవుడు చూసుకుంటాడనీ అనుకునేదాన్ని.

ఇప్పుడు అలా అనుకోవడం లేదు. క్రైస్తవ విశ్వాసానికి నడిబొడ్డున శరీరం ఉంది. దేవుడు శరీరం ధరించాడని, ఆ శరీరం సిలువ మీద చనిపోయిందని, మూడవ దినాన అదే శరీరం లేచిందని, మన శరీరాలు కూడా లేస్తాయని మనం ఒప్పుకుంటున్నాం. అలాంటప్పుడు తోటి మనిషి శరీరంతో మనం ఎలా మెలుగుతున్నాం, ఎవరి పక్కన కూర్చుంటున్నాం, ఎవరి చేతి నీళ్లు తాగుతున్నాం, ఎవరి అలసటను లెక్కలోకి తీసుకుంటున్నాం అన్న ప్రశ్నలను సామాజిక విషయాలని పేరు పెట్టి మందిరం బయట ఉంచడానికి మనకు అధికారం లేదు. అవి విశ్వాస ప్రమాణంలోని ప్రశ్నలే. నాకు ఈ సంగతి పుస్తకాల వల్ల తెలియలేదు. ఒక స్టీలు గ్లాసు వల్ల తెలిసింది.

మేముండే అపార్ట్‌మెంట్ షోలింగనల్లూర్ దగ్గర ఉంది. అక్కడ కారిడార్లు తుడిచి, ఇంటింటి చెత్త పోగుచేసి తీసుకుపోయే ఆమె కనిగిరి వైపు నుంచి వలస వచ్చిన తెలుగు మనిషి. ఉదయం పదిన్నర ప్రాంతంలో మా అంతస్తు పని ముగిశాక మా అమ్మ ఆమెకు టీ పోస్తుంది. ఆ టీకి ఒక ప్రత్యేకమైన గ్లాసు ఉండేది. అంచు దగ్గర చిన్న సొట్ట పడిన ఆ గ్లాసు వంటింటి గూట్లో మిగతా గ్లాసులతో కలిసి ఉండేది కాదు. తలుపు బయట చెప్పుల స్టాండు మీద, మనీ ప్లాంటు కుండీ పక్కన బోర్లించి ఉండేది. టీ తాగిన తరువాత ఆమే కారిడార్ చివర కొళాయి దగ్గర కడిగి, మళ్లీ అక్కడే బోర్లించి వెళ్లేది. ఈ ఏర్పాటును ఎప్పుడు మొదలుపెట్టామో, ఎవరు చెప్పి చేయించారో మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. ఎవరూ చెప్పనక్కర లేనంత పాత అలవాటు అది. ఊరి నుంచి సామానుతో పాటు మా వెంట వచ్చేసింది.

ఆమె కూడా విశ్వాసురాలే. ఆదివారం ఉదయం డ్యూటీ ఉంటుంది కాబట్టి సాయంత్రం ఆరాధనకు వచ్చి, చివరి వరుసలో ఫ్యాను కింద కూర్చుంటుంది. వాక్యం మధ్యలో కళ్లు మూతలు పడుతుంటే కొంగుతో ముఖం తుడుచుకుంటుంది. ఒక నెల మొదటి ఆదివారం, ఉదయం వీలుపడక నేను కూడా సాయంత్రం వెళ్లాను. ప్రభురాత్రి భోజనం రోజు. బలిపీఠం ముందు కటకటాల దగ్గర మోకాళ్లూని చూస్తే నా కుడి పక్కన ఆమె ఉంది. ఇద్దరం చేతులు చాచాం. ఆమె అరచేతిలో బ్లీచింగ్ పౌడరు తిన్న చర్మం పొరలు పొరలుగా లేచి, వేళ్ల కణుపుల దగ్గర పగిలి ఉంది. ఆ చేతిలో పాస్టరు అయ్యగారు రొట్టెముక్క పెట్టి, నా చేతిలో కూడా పెట్టారు. తరువాత గిన్నె వచ్చింది. ఆమె పెదవులకు తాకించిన గిన్నె అంచును తెల్లగుడ్డతో ఒకసారి తుడిచి, నా పెదవులకు అందించారు. ఆ క్షణంలో నాకు ప్రత్యేకంగా ఏమీ అనిపించలేదని దాచకుండా చెప్పాలి.

మరునాడు సోమవారం నేను ఇంటి నుంచే పని చేస్తున్నాను. పదిన్నరకు ఆమె వచ్చింది. మా అమ్మ టీ గిన్నె పట్టుకుని గుమ్మం దగ్గరకు వెళ్లి, ఆమె చేతిలోని గ్లాసుకు గిన్నె తగలకుండా జానెడు పైనుంచి ఎత్తి పోసింది. నేను ముందు గదిలోనే ఉన్నాను. పదహారు గంటల కిందట ఒకే గిన్నెలో తాగిన మేమిద్దరం ఇప్పుడు ఒక గుమ్మానికి అటూ ఇటూ ఉన్నాం, మధ్యలో ఆ టీ ధార ఉంది.

అలా ఎత్తి పోయడం మా కుటుంబానికి తెలియని సంగతి కాదు. పోయించుకున్న వైపు నుంచి తెలుసు. మా నాన్న వైపు పూర్వీకులు తోలు పని చేసుకున్నవాళ్లు. ఊరి బావి దగ్గర దోసిలి పట్టి నిలబడితే, ఎవరో దయతలచి పైనుంచి పోసిన నీళ్లు తాగి బతికినవాళ్లు. 1876లో మొదలైన ధాత కరువులో ఆ కుటుంబం చెదిరిపోయింది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీగా ఉన్న జాన్ క్లౌ, మా వాళ్ల నోట క్లౌ దొర, అప్పుడు కరువు పనిగా సాగుతున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని తానే కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో చేరిన వేలమందికి అక్కడ పని, కూలి దొరికాయి. సంఘ బోధకులు మేస్త్రీలుగా నిలబడ్డారు. కూలి ఆశతో మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని, సహాయం పనులు సాగినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ పనులు ముగిశాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో మా వాళ్లు కూడా ఉన్నారని మా నాయనమ్మ చెప్పేది. నేను ఈ.సి.ఆర్. (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వైపు వెళ్లాలంటే ఆ కాలువ మీది వంతెన దాటాలి. మా వాళ్లు తవ్విన ముక్క ఒంగోలు వైపుది, నేను దాటేది ఇక్కడి ముక్క. ఇక్కడ అది మురుగుతో నల్లబడి ఉంటుంది. ఆ పేరున్న బోర్డు కనబడినప్పుడల్లా నాకు పారలు పట్టిన చేతులు గుర్తుకు వస్తాయి.

క్లౌ దొర గురించి ఒంగోలు సంఘాల్లో చెప్పుకునే మరొక సంగతి ఉంది. ఆయన వచ్చిన తొలినాళ్లలో ఊళ్లోని పై కులాల వాళ్లు కొందరు విశ్వాసం వైపు మొగ్గు చూపారు. అదే సమయంలో తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి ద్వారా పల్లెల్లోని పేదలు రావడం మొదలుపెట్టారు. వాళ్లను చేర్చుకుంటే మేము రామని పెద్దవాళ్లు అన్నారు. ఏం చేయాలో తోచక ఆయన ఒక గదిలో, ఆయన భార్య మరొక గదిలో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ వేరువేరుగా మొదటి కొరింథీ పత్రికలోని ఒకే చోటు దొరికింది: "సహోదరులారా, మిమ్మును పిలిచిన పిలుపును చూడుడి. మీలో లోకరీతిని జ్ఞానులైనను, ఘనులైనను, గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు." దానితో పేదలకు తలుపు తెరిచారు. నాకు ఈ రోజు సొంత ఇల్లు, చదువు, ఉద్యోగం ఉన్నాయంటే ఆ తలుపు తెరుచుకోవడమే కారణం. అలాంటి ఇంటి తలుపు బయట నేను ఒక గ్లాసు బోర్లించాను.

ఇది మర్యాదకో మంచితనానికో సంబంధించిన లోటు మాత్రమేనా, విశ్వాసంలోనే లోటా అని నేను చాలా రోజులు ఆలోచించాను. విశ్వాసంలోనే లోటు అని తేల్చుకోవడానికి నాకు దారి చూపిన వాటిలో మొదటిది నైసియా. ఇప్పటి టర్కీలో ఉన్న ఆ ఊళ్లో 325లో బిషప్పులు సమావేశమయ్యారు. 2025తో ఆ సమావేశానికి 1700 ఏళ్లు నిండాయి. కుమారుడు ఎంత గొప్పవాడైనా సృజింపబడినవాడేనని అరియస్ అనే బోధకుడు అన్నాడు. కాదు, ఆయన తండ్రితో ఏకతత్త్వము గలవాడని సభ తీర్మానించింది. ఇదంతా పండితుల మాటల తగవు అని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు, కానీ ఆ తీర్మానం మీద ఎంత ఆధారపడి ఉందో చూడండి. అరియస్ చెప్పిందే నిజమైతే, దేవుడు తాను దూరంగా ఉండి ఒక సేవకుణ్ణి మన మధ్యకు పంపాడు. సభ చెప్పింది నిజమైతే, చర్మం, చెమట, ఆకలి, దప్పిక ఉన్న శరీరంలో మనల్ని తాకింది దేవుడే.

ఆ దేవుడికి దప్పిక వేసిన సందర్భం ఒకటి యోహాను సువార్త నాలుగో అధ్యాయంలో ఉంది. ప్రయాణంలో అలసిన యేసు మధ్యాహ్నపు ఎండలో సుఖారు బావి దగ్గర కూర్చుని, నీళ్లకు వచ్చిన సమరయ స్త్రీని దాహానికి అడుగుతాడు. ఆమె ఆశ్చర్యపోతుంది, "ఏలయనగా యూదులు సమరయులతో సాంగత్యము చేయరు." ఇక్కడ సాంగత్యం అని మన బైబిలులో ఉన్న గ్రీకు మాటకు ఒకే పాత్రను కలిసి వాడుకోవడం అనే అర్థాన్ని కొందరు పండితులు చెబుతారు. తరువాతి సంభాషణ చూస్తే ఆ అర్థం చక్కగా అతుకుతుంది. చేదుకోవడానికి నీ దగ్గర ఏమీ లేదే అని ఆమె అంటుంది. అంటే ఆయన నీళ్లు తాగాలంటే ఆమె కుండలోంచే తాగాలి. ఈ భాగం మీద నేను కనీసం ఇరవై ప్రసంగాలు విన్నాను. ఆమె అయిదుగురు భర్తల గురించి ప్రతి ప్రసంగంలోనూ విన్నాను. ఆ కుండ గురించి ఒక్కసారి కూడా వినలేదు.

రెండవది పునరుత్థానం. చెన్నైవాసులకు యేసు శిష్యుడైన తోమా దూరపు మనిషి కాడు. ఆయన ఈ నేల మీదనే హతసాక్షి అయ్యాడన్నది ఇక్కడి క్రైస్తవుల పాత నమ్మకం. విమానాశ్రయం దగ్గర పరంగిమలై కొండకూ, మైలాపూర్ తీరాన శాంథోమ్ ఆలయానికీ ఆయన పేరే. ఆ తోమాతో లేచిన ప్రభువు అన్న మాట, "నీ వ్రేలు ఇటు చాచి నా చేతులు చూడుము." పునరుత్థానం పొందిన శరీరం మీద మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి. మహిమలోకి వెళ్లిన శరీరం కూడా తాను పడిన శ్రమను చెరిపేసుకోలేదు. అలాంటి శరీరాన్ని ఆరాధించే నేను, బ్లీచింగ్ పౌడరు తిన్న అరచేతిని చూసి చూడనట్టు ఉండడం సాధ్యం కాకూడదు.

మూడవది, నాకు అన్నిటికన్నా బలంగా తగిలింది, అంతియొకయలో పౌలు పేతురును అందరి ఎదుట నిలదీసిన సంఘటన. అప్పటి వరకు యూదులు కాని అన్యజనులతో కలిసి భోజనం చేసిన పేతురు, యెరూషలేము నుంచి కొందరు రాగానే భయపడి వాళ్ల నుంచి వేరైపోయాడు. ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు, సంఘం నుంచి వెళ్లగొట్టలేదు. బంతిలో కాస్త పక్కకు జరిగాడు, అంతే. దాన్ని పౌలు మర్యాదలో లోపంగా తీసుకోలేదు. సువార్త సత్యం చొప్పున నడవడం లేదని గలతీ పత్రికలో రాశాడు, ఆ వెంటనే మనిషి విశ్వాసం వల్లనే నీతిమంతుడుగా తీర్చబడతాడన్న గొప్ప సిద్ధాంతాన్ని వివరించాడు. లూథరు దగ్గర నుంచి మన ఆదివార బడి వరకు అందరూ చెప్పుకునే ఆ సిద్ధాంతం, గలతీయుల పత్రికలో ఒక భోజనపు బంతి దగ్గర మొదలైంది. దేవుడు అంగీకరించినవాణ్ణి నా బల్ల దగ్గర నేను అంగీకరించకపోతే, దేవుని తీర్పు సరిపోదని నేను చెబుతున్నట్టే.

మా ఇంట్లో ఆహారం విషయంలో సిద్ధాంతానికి కరువు లేదు. నవరాత్రుల్లో ఎదురింటి తమిళ మామి గిన్నెలో సుండల్ (తాలింపు శనగలు) పట్టుకుని వస్తుంది. అది నైవేద్యం పెట్టినదా, తినవచ్చా అని మా ఇంట్లో ఏటా చర్చ జరిగేది, బైబిళ్లు తెరుచుకునేవి. చివరికి ఒక సంవత్సరం నేనే ఆమెతో, మా నమ్మకం వల్ల దేవునికి పెట్టినది తీసుకోలేమని, తప్పుగా అనుకోవద్దని నెమ్మదిగా చెప్పాను. ఆమె ఏమీ అనుకోలేదు. మరుసటి రోజు నుంచి పూజకు ముందే మా కోసం ఒక గిన్నెడు తీసిపెట్టి తెస్తోంది. ఆమె మర్యాద నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. అయితే మేము ఆ చర్చకు తెరిచిన అధ్యాయాలు ఏవి? మొదటి కొరింథీ పత్రికలోని ఎనిమిది, పది. విగ్రహార్పితం గురించి మాట్లాడే పదో అధ్యాయంలోనే, పదిహేడో వచనంలో, "రొట్టె యొక్కటే గనుక అనేకులమైన మనము ఒక్క శరీరమై యున్నాము" అని ఉంది. పేజీ తిప్పితే పదకొండో అధ్యాయంలో, ప్రభువు బల్ల దగ్గర ఉన్నవాళ్లు ముందే తినేసి, లేనివాళ్లను ఆకలితో కూర్చోబెట్టిన కొరింథు సంఘానికి పౌలు రాసిన మాట ఉంది: మీరు కూడి వచ్చి చేసేది ప్రభువు రాత్రి భోజనం కానే కాదు. ఎదురింటి నుంచి వచ్చిన గిన్నె విషయంలో ఇంత జాగ్రత్తగా చదివిన పత్రికను, మా గుమ్మం బయటి గ్లాసు విషయంలో మేము ఒక్కసారి కూడా తెరవలేదు.

ఈ ఊరి సంఘ చరిత్రలో ఈ ప్రశ్న కొత్తది కూడా కాదు. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్, దక్షిణాది సంఘాల్లో కుల భేదాలు పూర్తిగా, వెంటనే పోవాలని ఉత్తర్వు పంపాడు. అప్పటికి ఆలయంలో కులాన్ని బట్టి వేరువేరుగా కూర్చోవడం, ప్రభురాత్రి భోజనానికి ముందూ వెనుకా రావడం మామూలు. ఆ ఉత్తర్వు విన్న ఇక్కడి వేపేరి సంఘంలో కొందరు ఆలయం విడిచి వెళ్లడానికైనా సిద్ధపడ్డారు గాని, కలిసి కూర్చోవడానికి ఒప్పుకోలేదు. అదే నగరంలో 1947 సెప్టెంబరు 27న, సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాల సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డాయి. బిషప్పులున్న సంఘాలు, లేని సంఘాలు ఒకటి కావడం అంత సులభంగా జరగలేదు. దాని వెనుక 1919 నుంచి సాగిన చర్చలున్నాయి. ఆ చర్చలకు నాంది పలికినవారిలో వి.ఎస్. అజరయ్య ఒకరు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైన ఆయన, 1912లో దోర్నకల్ బిషప్ అయ్యి, తెలుగు పల్లెల్లో మాల మాదిగల మధ్య జీవితం గడిపారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మిషనరీలతో అన్న మాటను నేను తరచు తలచుకుంటాను. మీరు బీదలకు ఆస్తి పంచారు, శరీరాలను కాల్చబడడానికి అప్పగించారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. అది కొరింథీ పత్రిక పదమూడో అధ్యాయం భాష. టీ, బిస్కెట్టు, పండుగకు చీర ఇస్తున్నాం కదా అనుకునే నాలాంటి వాళ్లకు ఆ మాట నేరుగా వర్తిస్తుంది.

ఇదంతా సంఘంలో ఒక బైబిలు తరగతిలో చెప్పినప్పుడు, నేను గౌరవించే ఒక పెద్దాయన, "అమ్మా, ఇవి సామాజిక విషయాలు, మనకు ముఖ్యం ఆత్మల రక్షణ" అన్నారు. ఆయన ప్రార్థనాపరుడు, మాటలో కల్మషం లేనివాడు. అయినా ఆ మాటను నేను ఒప్పుకోలేను. శరీరం నుంచి విడదీసిన ఆత్మను మాత్రమే రక్షించే దేవుణ్ణి విశ్వాస ప్రమాణం ఎరగదు. యేసుక్రీస్తు శరీరధారియై వచ్చాడని ఒప్పుకోని ఆత్మ దేవుని సంబంధమైనది కాదని యోహాను తన మొదటి పత్రికలో గట్టిగా హెచ్చరించాడు. పైగా మనకు నచ్చిన చోట శరీరాన్ని మనం బాగానే పట్టించుకుంటాం. స్వస్థత కూడికలు పెడతాం, వీసా కోసం, ప్రమోషన్ కోసం, ఇంటి లోను కోసం ఉపవాసం ఉంటాం. 2025 ఆగస్టులో పనిని ప్రైవేటు కాంట్రాక్టుకు అప్పగించడాన్ని వ్యతిరేకిస్తూ పారిశుద్ధ్య కార్మికులు నగర కార్పొరేషన్ కార్యాలయమైన రిపన్ భవనం ఎదుట రోజుల తరబడి రోడ్డు మీద కూర్చున్నారు. ఈ నగరంలో ఆ పని చేసేవాళ్లలో తెలుగు ఇళ్లవాళ్లు ఎంతమందో మనకు తెలుసు. ఆ ఆదివారాల్లో మా ఆరాధన ప్రార్థనాంశాల్లో వాళ్లు లేరు. పెళ్లిళ్ల సంగతి అందరికీ తెలిసిందే. "రక్షణ పొందిన, బాప్తిస్మం తీసుకున్న" అన్న మాటల పక్కనే కులం పేరు రాసే సంబంధాల గ్రూపుల్లో మనమందరం ఉన్నాం.

మరో వైపు నుంచి వచ్చే మాట కూడా ఉంది. ఆఫీసులో నా పక్క సీటు స్నేహితురాలు, మనుషులను సమానంగా చూడడానికి ఇంత సిద్ధాంతం ఎందుకు, మంచి మనసు, రాజ్యాంగం సరిపోవా అని అడిగింది. రాజ్యాంగం మీద నాకు ఎనలేని గౌరవం ఉంది, మంచి మనసుతో నాకన్నా బాగా నడుచుకునే అన్యమతస్థులు నాకు తెలుసు. అయినా ఆ గ్లాసు సంగతిలో నా మంచి మనసు ఏళ్ల తరబడి ఏ పనీ చేయలేదు. అది హాయిగా నిద్రపోయింది. నా వెలుపల నుంచి, నా ఇష్టాయిష్టాలతో పని లేకుండా, ఇది ప్రభువు శరీరమని ఎవరో చెప్పి నా చేతిలో పెట్టినందువల్లనే నాకు తెలివి వచ్చింది. క్రీస్తు లేవకపోతే మా విశ్వాసం వ్యర్థమేనని పౌలు మొదటి కొరింథీ పత్రికలోనే రాశాడు. ఆ వాక్యాన్ని తీసేస్తే నాకు మిగిలేది సంస్కారవంతుల సానుభూతి. దాని బలం ఎంతో నేను చూసుకున్నాను. క్రీస్తు శకం 112 ప్రాంతంలో రోమా గవర్నరు ప్లినీ, ఈ క్రైస్తవులు ఏమి చేస్తున్నారో తెలుసుకోవడానికి సంఘ సేవకురాళ్లుగా పిలవబడే ఇద్దరు దాసీలను హింసించి విచారించినట్టు చక్రవర్తికి రాశాడు. సాధారణమైన భోజనం కోసం కలుసుకుంటారని, క్రీస్తును దేవునిగా కీర్తిస్తారని కూడా ఆ ఉత్తరంలో ఉంది. క్రీస్తును దేవుడని పాడడం, దాసీలు సంఘ సేవకురాళ్లు కావడం, ఒకే చోట భోజనం చేయడం ఆ ఒక్క ఉత్తరంలోనే పక్కపక్కన కనిపిస్తాయి. వాటిని విడదీయడం మనం తరువాత నేర్చుకున్నది.

గ్లాసును లోపలికి తేవడానికి మా ఇంట్లో రెండు వారాలు పట్టింది. "రోజూ టీ పోస్తున్నాను, బిస్కెట్టు పెడుతున్నాను, నేనేం తక్కువ చేశానే" అని మా అమ్మ బాధపడింది. నేను వాదించలేదు, ఆ సోమవారం నాకు కనబడినది మాత్రం చెప్పాను. కొన్ని రోజుల తరువాత అమ్మే, తన చిన్నప్పుడు ఊరి టీ బంకు బయట కర్రకు తగిలించి ఉండే గ్లాసు గురించి, దాన్ని తీసుకోవడానికి తాతయ్య చెయ్యి చాచేటప్పుడు తాను తల తిప్పుకోవడం గురించి చెప్పి, చాలాసేపు మౌనంగా ఉండిపోయింది. ఆ మరునాడు ఆమెను వంటింట్లోకి పిలిచి, గూట్లోంచి చేతికి దొరికిన గ్లాసులో టీ పోసి ఇచ్చింది. ఆమె కూర్చోలేదు. గట్టు పక్కన నిలబడి తాగి, వద్దంటున్నా కడిగిపెట్టి వెళ్లింది. ఇప్పటికీ నిలబడే తాగుతుంది. ఇన్ని తరాల అలవాటును మేము గ్లాసు మార్చినంత తేలికగా ఆమె మార్చుకోవాలని ఆశించడం న్యాయం కాదు.

కొన్నాళ్లకు ఒకరోజు నేను, ఆ గ్లాసు విషయంలో మమ్మల్ని క్షమించమని అడిగాను. ఆమె కాస్త ఇబ్బంది పడి, "గ్లాసుకేముందిలే అమ్మా, ఎందులో తాగినా టీయే. ఆదివారం ఒక్కటి సెలవిప్పించండి, మీకు పుణ్యముంటుంది" అంది. అప్పుడు అడిగితే తెలిసింది, నెలలో ముప్ఫై రోజులూ ఆమెకు పనే. సెలవు పెడితే ఆ రోజు కూలి కోత. నేను ఇన్నాళ్లూ గ్లాసు దగ్గరే ఆగిపోయాను. ఆమె శరీరం అడుగుతున్నది విశ్రాంతిని. పది ఆజ్ఞల్లో విశ్రాంతి దినం గురించి ద్వితీయోపదేశకాండం చెప్పే కారణం కూడా అదే: నీవలెనే నీ దాసుడు, నీ దాసి విశ్రమించాలి. నేను చిన్నప్పుడు బంగారు వాక్యంగా కంఠస్థం చేసి బహుమతి తెచ్చుకున్న ఆజ్ఞ అది.

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సమావేశంలో ఈ విషయం లేవనెత్తాను. వారానికొక రోజు సెలవు చట్టం ఇచ్చినదేనని, అది వాళ్లకు కూలి కోత లేకుండా ఉండాలని, బదులు మనిషికి అయ్యే ఖర్చు ఒక్కో ఇంటికి నెలకు 60 రూపాయలు పడుతుందని లెక్క వేసి చూపించాను. కాంట్రాక్టరు చూసుకోవలసిన పని మనకెందుకని చాలామంది అన్నారు. ఆదివారం అందరూ ఇంట్లో ఉంటారు, చెత్త ఎక్కువ వస్తుంది, ఆ రోజే సెలవంటే కుదరదన్నారు. అలా అన్నవాళ్లలో మా సంఘానికే వచ్చే రెండు కుటుంబాలున్నాయి. మొదట చెయ్యెత్తి ఒప్పుకున్నది ఎదురింటి మామి భర్త, రోజూ మూడు పూటలా సంధ్యావందనం చేసే పెద్దాయన. మూడు సమావేశాల తరువాత, నెలకు రెండు ఆదివారాలు పూర్తి కూలితో సెలవు అని తీర్మానమైంది. మిగతా రెండు ఆదివారాల కోసం మళ్లీ అడగాలి.

మొదటి సెలవు ఆదివారం నేను ఉదయం ఆరాధనకు కాస్త ముందే వెళ్లాను. మా వరుసలో నా పక్కన చోటు ఉంచి, దాని మీద పాటల పుస్తకం పెట్టాను. మొదటి పాట అయింది, విశ్వాస ప్రమాణం అయింది, వాక్యం అయింది; ఆమె రాలేదు. ఒంట్లో బాగోలేదేమోనని నాకు కంగారు వేసింది. సోమవారం టీ తాగుతుండగా అడిగాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, కొంచెం సిగ్గుపడుతూ, "పడుకున్నానమ్మా, పదకొండు దాకా లేవలేదు" అంది.